ప్రార్థన చేశాక మనం చేయాల్సింది ఏమైనా ఉంటుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఉపవాస కూడికలు ముగిశాక, ఆదివారం బైబిలు తరగతుల్లో, ఒక్కోసారి ఆసుపత్రి వరండాల్లో విశ్వాసులు అడిగే ప్రశ్నలివి. అడిగే తీరు వేరైనా అన్నింటిలోనూ ఉన్న టెన్షన్ ఒకటే. ఎక్కువ తంటాలు పడితే దేవుణ్ణి నమ్మనట్టు అవుతుందేమోనని ఒక భయం. ఏమీ చేయకుండా కూర్చుంటే అది సోమరితనమేమోనని ఇంకో భయం. జవాబులు వాక్యం నుంచే ఇస్తున్నాను. వాక్యం సూటిగా చెప్పని చోట అది నా అభిప్రాయమని చెప్పే రాస్తున్నాను.

అన్నీ దేవుడే చేస్తాడని నమ్మితే, ఇక నేను చేసేదేముంది?

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో 12, 13 వచనాలను కలిపి చదవండి. ఒకదాన్ని వదిలేసి ఒకదాన్నే పట్టుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది. 12వ వచనంలో పౌలు "మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి" అంటాడు. అది ఆజ్ఞ. భయంతో, వణకుతో చేయమంటాడు. ఆ వెంటనే, మీలో ఆ కోరికను పుట్టించేవాడూ దాన్ని జరిగించేవాడూ దేవుడేనని కారణం చెబుతాడు. దేవుడు చూసుకుంటాడు కాబట్టి మీరు ఊరుకోండి అనలేదు. ఆయన మీలో పని చేస్తున్నాడు కాబట్టే మీరు పని చేయండి అన్నాడు.

తన సంగతి చెప్పుకున్నప్పుడూ పౌలుది ఇదే వరస. అపొస్తలులందరికంటే తానే ఎక్కువగా ప్రయాసపడ్డానని మొహమాటం లేకుండా చెప్పి, ఆ ప్రయాసపడింది తాను కాదు, తనకు తోడున్న దేవుని కృప అంటాడు (1 కొరింథీ 15:10). కొరింథులో పగలు డేరాలు కుట్టి పొట్ట పోసుకున్న మనిషి రాసిన మాట ఇది. నా మటుకు నాకు అర్థమైంది ఇదీ: దేవుని మీద ఆధారపడటమంటే దించుకోవాల్సింది భారాన్ని, పనిని కాదు. 1 పేతురు 5:7లో "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని ఉంది. ఆ వాగ్దానాన్ని గోడకు తగిలించుకున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. 8వ వచనం మాత్రం ఎవరి గోడ మీదా కనబడదు. అది మెలకువగా ఉండమంటుంది.

అంటే దేవుడు సగం, మనం సగమా?

కాదు. ఈ లెక్క ఎంత న్యాయంగా వినిపించినా మనిషిని కుదురుగా ఉండనివ్వదు. నా సగం సరిగ్గా చేశానా లేదా అన్న అనుమానంతోనే రోజు గడిచిపోతుంది.

మార్కు 4:26-29లో యేసు చెప్పిన విత్తనం ఉపమానాన్ని మన రైతులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తొలకరికి దుక్కి దున్ని ఎద జల్లిన రైతు రాత్రి పడుకుంటాడు, పొద్దున లేస్తాడు. మొలక ఎలా వచ్చిందో అతనికే తెలియదు. దున్నేటప్పుడు సగం మనసు పెట్టి దున్నడు, ఒళ్లు వంచి పూర్తిగా దున్నుతాడు. మొలకెత్తించడంలో మాత్రం అతనికి పాలే లేదు. పని మొత్తం అతనిది, ప్రాణం పోయడం మొత్తం దేవునిది. ఆ రైతు పడుకున్నాడని యేసు తప్పు పట్టలేదు. దున్నినందుకూ తప్పు పట్టలేదు.

"తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడు" అని బైబిల్లో ఎక్కడుంది?

ఎక్కడా లేదు. బైబిల్లో కనబడేది చాలాచోట్ల దీనికి తలకిందులుగా ఉంటుంది. మనమింకా బలహీనులమై ఉన్నప్పుడే క్రీస్తు మన కోసం చనిపోయాడు (రోమా 5:6). తనకు తాను ఏ సాయమూ చేసుకోలేని వాడికి కూడా దేవుడు సాయం చేస్తాడన్నదే సువార్త. బద్ధకస్తుణ్ణి లేపడానికి ఆ సామెత పనికొస్తే రావచ్చు గానీ, మంచం పట్టినవాడికి, అప్పుల్లో మునిగినవాడికి దాన్ని వాక్యంలా వినిపిస్తే క్రూరంగా ఉంటుంది.

అయితే రక్షణ కూడా మన కష్టంతోనే దొరుకుతుందా?

దొరకదు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు" (ఎఫెసీ 2:8). మనిషి తన సంకల్పబలంతోనే పాపం మానగలడనే ధోరణిలో పెలాగియస్ అనే బోధకుడు బోధించినప్పుడు, బిషప్ అగస్టీను గట్టిగా ఎదురు నిలిచాడు. క్రీ.శ. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో కూడిన సంఘ సభ ఆ బోధను ఖండించింది. కాబట్టి ఇది నిన్నమొన్నటి గొడవ కాదు, సంఘం ఎప్పుడో తేల్చుకున్న సంగతి.

అయితే అదే ఎఫెసీ పత్రికలో రెండు వచనాలు ముందుకెళ్తే, సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టింపబడ్డామని ఉంది. రక్షణ కోసం చేసే పని వేరు, రక్షణ దొరికింది కాబట్టి చేసే పని వేరు. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఉపవాసం ఉన్నాను కాబట్టి దేవుడు నా పని చేసి తీరాలి, దశమభాగం తప్పకుండా ఇస్తున్నాను కాబట్టి మా ఇంటికి జబ్బు రాకూడదు అనిపించడం మొదలైతే మొదటి దారిలోకి జారుతున్నామని గుర్తు.

"ఊరకుండుడి" అని కూడా బైబిల్లో ఉంది కదా?

ఉంది. ఎర్ర సముద్రం ముందు, ఫరో సైన్యం వెనక ఉన్నప్పుడు మోషే ప్రజలతో, యెహోవా మీ పక్షాన యుద్ధం చేస్తాడు, మీరు ఊరకే ఉండండి అన్నాడు (నిర్గమ 14:14). చాలామంది ప్రసంగాలు అక్కడే ఆపేస్తారు. 15వ వచనంలో దేవుడు మోషేతో ఏమన్నాడో చూడండి: "నీవేల నాకు మొరపెట్టుచున్నావు? సాగిపోవుడి" అని వాళ్లతో చెప్పమన్నాడు. సముద్రాన్ని పాయలు చేయడం వాళ్ల చేతిలో లేదు. ఆ నేల మీద పిల్లాజెల్లాతో నడవడం మాత్రం వాళ్లదే. వాళ్లు ఆపుకోవాల్సింది భయంతో చేసే రభసను, కాళ్లను కాదు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు వదిలి షెల్టరుకు వెళ్లడం విశ్వాసలోపమా?

తీర గ్రామాల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. "దేవుడు కాపాడతాడు, నేను కదలను" అని మొండికేసే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. కానీ వాళ్లతో కూర్చుని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవమని అందరినీ కోరుతున్నాను. సముద్రం తెలిసినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది.

పౌలు ఖైదీగా రోముకు వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుంది. ఎన్నో రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. అప్పుడు దేవదూత వచ్చి, ఓడలో ఉన్న ఒక్కరి ప్రాణం కూడా పోదని పౌలుకు చెప్పాడు. ఇంతకంటే గట్టి వాగ్దానం ఏముంటుంది? ఆ తర్వాత నావికులు లంగరు వేస్తున్నట్టు నటిస్తూ చిన్న పడవ దించి పారిపోబోయారు. పౌలు చూసి శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గానీ మీరు బతకరు అన్నాడు. వాగ్దానం చేతిలో ఉంది కదా, నావికులు పోతే పోనీ అనలేదు. అందరినీ బతిమాలి అన్నం తినిపించాడు. ఓడ తేలిక కావడానికి గోధుమలను సముద్రంలో పారబోశారు. చివరికి ఈత వచ్చినవాళ్లు ముందు దూకారు, మిగతావాళ్లు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. మొత్తం 276 మంది. ఒక్కరూ పోలేదు. దేవుడు మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోవడానికి నావికుల నేర్పునూ, గోధుమల బస్తాలనూ, విరిగిన చెక్కలనూ వాడుకున్నాడు.

కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని కబురు రాగానే మన మత్స్యకారులు ఏం చేస్తారో చూడండి. బోటును ఒడ్డు మీద వీలైనంత పైకి లాగుతారు. ఇంజిను విప్పి ఇద్దరు భుజాన వేసుకుని ఇంటికి మోస్తారు. వలలు చుట్టి, తాళ్లు బిగించి, ఆ తర్వాతే పిల్లల్ని తీసుకుని కదులుతారు. వాళ్లలో ప్రార్థన చేస్తూ తాడు బిగించేవాళ్లు ఉన్నారు. ఆ ప్రార్థనకూ ఆ ముడికీ మధ్య తగాదా ఏమీ లేదు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు బెదిరిస్తే నెహెమ్యా కూడా ప్రార్థన చేసి రాత్రింబగళ్లు కావలి పెట్టాడు (నెహెమ్యా 4:9).

గుడి శిఖరం నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను వాక్యం చూపించి మరీ చెప్పినప్పుడు, ప్రభువైన దేవుణ్ణి శోధింపవలదని యేసు జవాబిచ్చాడు. షెల్టరు తలుపులు తెరిచి ఉండగా ఇంట్లో కూర్చోవడం నా దృష్టిలో ఆ శిఖరం మీద నిలబడటమే.

ప్రార్థన చేశాం, జాగ్రత్త కూడా పడ్డాం. అయినా తిత్లీ తుఫానులో తోట అంతా పోయింది. మా విశ్వాసంలో లోటా?

లేదు. ఇలా అనేవాళ్ల మాట మనసులో పెట్టుకోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. విశ్వాసులవి, అవిశ్వాసులవి అని గాలి ఎంచలేదు. కొబ్బరి చెట్టంటే అక్కడ ఏటా చేతికొచ్చే జీతం. కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ నష్టం ముందు "దేవుడు మంచివాడు" అని ఒక్క మాటతో సరిపెట్టి వెళ్లిపోవడం సరి కాదు.

అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షలు ఫలించకపోయినా, చేలో పైరు పండకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అని హబక్కూకు అన్నాడు (3:17-18). అదే అధ్యాయంలో తన కాళ్లు, పెదవులు వణికాయని కూడా రాసుకున్నాడు. ఏడ్చి, వణికి, మళ్లీ గొయ్యి తవ్వి మొక్క నాటినవాళ్లు ఉద్దానంలో ఉన్నారు. ఎవరి విశ్వాసం చూడాలని మీకుంటే వాళ్లది చూడండి. పంట లెక్కల్లో ఫలితాన్ని మనకు పూచీ ఇస్తానని దేవుడు ఎక్కడా చెప్పలేదు. తోడుంటానని చెప్పాడు.

కిడ్నీ జబ్బుకు డయాలసిస్ చేయించుకుంటున్నాం. ప్రార్థన చేసినవారు "నమ్మితే ఇక ఆపేయండి" అన్నారు. ఆపేయాలా?

ఆపకండి. ఒక్క సిట్టింగు కూడా ఆపకండి. ఈ పేజీలో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. దాని అసలు కారణం ఏమిటో పరిశోధకులు ఇంకా ఖాయంగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అలాంటి చోటుకు వెళ్లడం దేవుణ్ణి పక్కన పెట్టడం కాదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఏడ్చి ప్రార్థిస్తే, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. ఆ మాట వచ్చాక కూడా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని యెషయా చెప్పాడు (యెషయా 38:21). వాగ్దానం ఉన్నా కట్టు తప్పలేదు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. ఆయన్ని "ప్రియుడైన వైద్యుడు" అనే పిలిచారు.

ఆసా రాజు సంగతి ఎత్తేవాళ్లుంటారు. పాదాల్లో జబ్బు వస్తే వైద్యులను పట్టుకున్నాడు కాబట్టి చనిపోయాడని చెబుతారు. 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయం మొత్తం చదవండి. అక్కడ తప్పు పట్టింది వైద్యుల దగ్గరికి వెళ్లినందుకు కాదు, యెహోవాను వెదకనందుకు. అంతకుముందు యుద్ధం వచ్చినప్పుడు కూడా ఆయన దేవుణ్ణి అడగకుండా సిరియా రాజుకు వెండి బంగారాలు పంపాడు. అలవాటు పాతదే.

మన జిల్లాలోనే సోంపేట ఆసుపత్రిలో, కెనడా నుంచి మిషనరీగా వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన పని చూసి ఆ ఆసుపత్రికి సాయంగా 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. ప్రార్థించే మనిషే కత్తి పట్టి శుక్లాలు తీశాడు. గుడ్డివాడు చూపు పొందాడంటే ఎవరికి స్తోత్రం చెల్లించాలో అక్కడ ఎవరికీ అనుమానం రాలేదనుకుంటాను.

దేవుడు స్వస్థపరుస్తాడా? పరుస్తాడు, నేను నమ్ముతాను. స్వస్థత జరిగిందనిపిస్తే పరీక్ష చేయించుకోండి. పదిమంది కుష్ఠురోగులను యేసు బాగు చేసినప్పుడు, వెళ్లి, నయమైందో లేదో తేల్చే యాజకులకు చూపించుకోండి అన్నాడు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూసి మందు తగ్గించాలో వద్దో డాక్టరు గారు చెప్పాలి, కూడికలో ఉన్నవాళ్లు కాదు.

డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. చదువుకంటే ప్రార్థనకే ఎక్కువ టైమ్ ఇవ్వాలా?

చదువుకునే టైములో చదవండి. దానియేలు, అతని స్నేహితులు బబులోను విద్యను మూడేళ్లు నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్లకు జ్ఞానం, వివేచన దేవుడిచ్చాడని దానియేలు 1:17 చెబుతోంది. ఆ మూడేళ్లను తగ్గించినట్టు మాత్రం చెప్పలేదు. పుస్తకం తెరిచే ముందు కాసేపు ప్రార్థించండి, చదవండి, రాత్రి నిద్రపోండి. రిజల్ట్ వచ్చిన రోజు మీ విలువ ఆ ర్యాంకుతో పెరగదు, తగ్గదు. అమ్మానాన్నలకు ఇదే మాట ఇంకొంచెం గట్టిగా చెబుతున్నాను. అబ్బాయి తప్పితే "నువ్వు సరిగ్గా ప్రార్థన చేయలేదు" అనకండి.

తాగుడు మానాలని ఎన్నోసార్లు కన్నీళ్లతో ప్రార్థించాను. ఎందుకు మానలేకపోతున్నాను?

అన్నా, మీ కన్నీళ్లు అబద్ధం కాదు. అయితే రోమా 8:13 ఒకసారి చూడండి. ఆత్మచేత శారీర క్రియలను చంపితే జీవిస్తారని ఉంది. శక్తి ఆత్మది, చంపాల్సింది మీరు. కూడికలో మోకరించి ఏడ్చి, ఇంటికెళ్లేటప్పుడు బెల్టు షాపు సందులోంచే నడిస్తే ఆ ప్రార్థనను మనమే నడిరోడ్డు మీద వదిలేసినట్టు అవుతుంది. దారి మార్చుకోండి. కూలి డబ్బు చేతికి రాగానే ఇంట్లో ఇచ్చేయండి. సాయంత్రం ఆ వేళకు ఫోన్ చేసి మాట్లాడటానికి సంఘంలో ఒక్క మనిషిని పెట్టుకోండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది ఇలాంటి అవసరానికే.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. అది దయ్యం కాదు, శరీరం తిరగబడటం. ముందు డాక్టరును కలిసి, ఆయన చెప్పినట్టు మానండి. మధ్యలో జారిపడితే మళ్లీ లేవండి. మీరు జారినప్పుడల్లా కృప అయిపోవడం ఉండదు.

పొట్టకూటికి గుజరాత్ వెళ్లడం దేవుని ఏర్పాటును నమ్మకపోవడమేనా?

కాదు. కరువొచ్చినప్పుడు ఐగుప్తులో ధాన్యం ఉందని విని యాకోబు తన కొడుకులతో "మీరేల ఒకరి ముఖము ఒకరు చూచుచున్నారు" అని, వెళ్లి కొనుక్కురమ్మన్నాడు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు, చేపల బోట్లలో పనికి వెళ్లేవాళ్లు ధైర్యంగా వెళ్లండి. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో అమ్మను, పిల్లలను సంఘం పలకరిస్తూ ఉండాలి.

ఉద్యోగం, పెళ్లి లాంటివి చీటీలు వేసి, లేదా బైబిలు తెరిచి కనబడిన వచనం చూసి నిర్ణయించుకోవచ్చా?

వద్దు. ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి అది ఒక దారి అంతే. విచారించండి, పెద్దలను అడగండి, ప్రార్థించండి, నిర్ణయం తీసుకోండి. ఎవరికైనా జ్ఞానం తక్కువైతే దేవుణ్ణి అడగమని ఉంది గానీ (యాకోబు 1:5), చీటీ తీయమని అక్కడ లేదు.

నేను దేవుని మీద కాకుండా నా మీదే ఆధారపడుతున్నానని ఎలా తెలుస్తుంది?

ఇది నా పరిశీలన మాత్రమే. పని పూర్తయ్యాక మనిషి ఎలా ఉంటాడో చూస్తే తెలుస్తుంది. చేయాల్సింది చేసి కూడా రాత్రి నిద్ర పట్టకపోతే, దేవుడు మోయాల్సింది మనమే మోస్తున్నామేమో. కీర్తన 127లో, యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవాళ్ల ప్రయాస వ్యర్థమన్న మాట పక్కనే ఆయన తన ప్రియులకు నిద్ర ఇస్తాడని ఉంది. పని బాగా జరిగిన రోజున ప్రార్థన గుర్తురాకపోవడం ఇంకో గుర్తు. వెనకబడినవాణ్ణి చూస్తే జాలి కాకుండా చిరాకు రావడం మరీ పెద్ద గుర్తు. కృపతో నిలబడ్డానని తెలిసినవాడు పడ్డవాడి మీద అంత త్వరగా విసుక్కోడు.

సేవలో ఉన్న పాస్టరు గార్లకు, సండే స్కూలు టీచర్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పెట్టాడు (1 రాజులు 19).

సంఘంలో ఎవరైనా కష్టంలో ఉంటే "ప్రార్థన చేస్తాం" అంటే చాలదా?

చేయగలిగింది చేతిలో ఉన్నప్పుడు చాలదు. బట్టలు, తిండి లేనివాళ్లతో, సమాధానంగా వెళ్లి చలి కాచుకో, కడుపు నింపుకో అని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏం లాభమని యాకోబు పత్రిక అడుగుతుంది (2:15-16). మనం ఆధారపడే దేవుడు చాలాసార్లు పక్కింటివాళ్ల చేతులతోనే పంపిస్తాడు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు వారం వారం ఆటో ఖర్చు ఉంటుంది, తోడు వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. కానుకల లెక్క చూసే పెద్దలు కొత్త సౌండ్ బాక్సుల కంటే ముందు ఆ ఆటో ఖర్చుకు డబ్బు పక్కన పెట్టాలని, తోడు వెళ్లడానికి యవ్వనస్థులు వంతులు వేసుకోవాలని కోరుతున్నాను. ఆసుపత్రికి వెళ్లే దారిలో ప్రార్థన కూడా చేయవచ్చు.